కమ్మికి గుచ్చిన ముక్కలు

ఆ ఏడు మా ఇంటికి వాన కంటే ముందు ఒక గిటారు వచ్చింది. మేం వాయిద్యాలు చేసే షాపు నుంచి పోయినేడు బయటికి వెళ్ళిందే. పెట్టె తెరిచి చూస్తే దాని ముఖం, తీగలు కట్టే బ్రిడ్జి ముందు, అరచేయంత మేర లోపలికి కుంగి ఉంది. మామయ్య, అంటే మా ఆవిడ నాన్న, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గోడకి ఆనించి పెట్టుంటారు, చెమ్మ పీల్చింది అన్నారు. తెచ్చినతను గోడ దరిదాపుల్లో పెట్టలేదని ఒట్టు పెట్టుకున్నాడు. మామయ్య వినిపించుకోలేదు. ఆ రోజుల్లో ఆయన ఏదన్నా వినకపోతే, వినిపించుకోలేదనే మేమంతా అనుకునేవాళ్ళం.

పది రోజులు తిరక్కుండా ఒక లూట్ వచ్చింది. అదే జబ్బు.

లూట్ చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. గిటారుకి వెనకవైపు బల్లపరుపు, మధ్యలో నడుము, ముఖం మీద గుండ్రటి తెరిచిన నోరు. లూట్ అలా కాదు. దాని కడుపు నిలువునా కోసిన పెద్ద పుచ్చకాయలా ఉబ్బి ఉంటుంది. సన్నని చెక్క బద్దలు వేడి మీద వంచి, అంచుకి అంచు కలిపి ఆ కడుపు చేస్తారు. ముఖం మీద నోరు ఉండదు. ఆ చోట చెక్కలోనే జల్లెడలా ఒక పువ్వు కోస్తారు. గిటారు నోరు తెరిచి పాడుతుంది, లూట్ పళ్ళ మధ్య నుంచి పాడుతుంది అనేవారు మామయ్య. రెండింటికీ గొంతు మాత్రం ముఖంలోనే ఉంటుంది. ముఖమంటే ఒక పల్చటి పలక. దాన్ని ఎంత పల్చగా చిత్రిక పట్టాలి, వెనక అడ్డపట్టీలు ఎన్ని, ఎక్కడ అతికించాలి అన్నదే ఆ పనిలో కిటుకంతా.

నేను ఆ ఇంటి అల్లుణ్ణి. నేను పనిచేసే తలుపుల కార్ఖానా మూతపడినప్పుడు మామయ్య కబురు పెట్టి, మా దగ్గర మాత్రం చెక్క లేదా, వచ్చెయ్యి అన్నారు. అలా భార్యతో సహా వెళ్ళి అత్తవారింట్లోనే మకాం పెట్టాను. షాపుకి వచ్చినవాళ్ళకి ఆయన నన్ను "మా తలుపుల అల్లుడు" అని చూపించేవారు. ఆ పేరు రావడానికి కారణం నేను చేసిన మొదటి గిటారు. ఎక్కడ విరుగుతుందో అన్న భయంతో లోపల అడ్డపట్టీలు లావుగా, దగ్గర దగ్గరగా అతికించాను. ముఖం చుట్టూ నల్లచెక్కతో లతలు పొదిగాను. పాలిష్ ఆరు పూతలు పూశాను. చూసినవాళ్ళందరూ ఎంత బాగుందో అన్నారు. తీగలు బిగించాక మామయ్య ఒక్కసారి మీటారు. తర్వాత తలుపు తట్టినట్టు దాని ముఖం మీద వేలి కణుపులతో తట్టి, "ఎవరండీ లోపల?" అన్నారు.

ఆ గిటారుని గుమ్మం పక్కనే తగిలించారు. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ దాన్ని తట్టి, ఎవరండీ లోపల అనడం ఆనవాయితీ అయిపోయింది. నాకు కోపం రాలేదంటే అబద్ధం. కానీ దాన్ని తగిలించిన సాయంత్రమే ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పిన మాటే ఇప్పటికీ నా పనికి ఆధారం. తలుపుని విరగకుండా చేస్తాం. దీన్ని మాత్రం ఇంకొక్క తోపు తోస్తే పాడవుతుందనే చోట ఆపాలి. ఆ చోటు ఎక్కడుందో కొలబద్ద చెప్పదు, చెవి చెబుతుంది.

ఇక సోకుల సంగతి. "సోకులన్నీ కడుపుకి చెయ్యి. ముఖం జోలికి రాకు" అన్నారు. అప్పటి నుంచి లూట్ల కడుపులు నా పాలబడ్డాయి. నల్లబద్ద, తెల్లబద్ద మార్చి మార్చి అతికితే అవి చారలు చారలుగా మెరిసేవి. తలుపుల దగ్గర నేర్చుకున్న అతుకు నాకు అక్కడ అక్కరకొచ్చింది. పువ్వు కోయడం మా ఆవిడ పని. ముఖం పలచబెట్టడం మాత్రం మామయ్యది. దాని మీద ఇంకొకరి చెయ్యి పడేది కాదు.

ఆ కుంగిన లూట్ తెచ్చింది సంగీతం బడిలో లూట్ నేర్పే టీచరమ్మ శిష్యుడు. వాడి వెనకాలే టీచరమ్మ కూడా వచ్చింది. నెమ్మదైన మనిషి. వానలు తగ్గాక బడి పెద్ద హాల్లో తన కచేరీ ఉందని, ఇరవై ఏళ్ళ కింద మామయ్య చేసిన తన లూట్ మెడ అరిగిపోయిందని, కొత్తది కావాలని అంది. ఆఖరి వరసలో కూర్చున్నవాళ్ళకి కూడా సన్నగా పలికే పై తీగ వినబడాలి, నాకు అదొక్కటే కావాలి అంది. కాసేపాగి, పువ్వు చుట్టూ ముత్యపుచిప్ప పొదిగితే చూడ్డానికి ఇంకా బాగుంటుందేమో అని గొణిగింది. మామయ్య నా గిటారు వైపు వేలు చూపించారు. ఆవిడ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

వెళ్ళేముందు కుంగిన ఆ లూట్‌ని ఆవిడ చేతుల్లోకి తీసుకుని, "మీ చేతి వస్తువు ఇలా అవడం నేనెప్పుడూ చూడలేదండీ" అంది. దెప్పినట్టు కాదు, జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురు పట్టుకుని చూసినట్టు. ఆ మాట మామయ్యకి తగిలింది. ఆవిడ వెళ్ళగానే అటక ఎక్కి, పాత దుప్పటిలో చుట్టి దాచిన పలక దింపారు. వాళ్ళ నాన్న చేతుల మీదుగా కోసిన మాను అది. దాన్నుంచి వచ్చిన పలకల్లో ఇదే చివరిది. చెక్కలోని గీతలు దగ్గర దగ్గరగా, దువ్విన జుట్టులా నున్నగా ఉన్నాయి. దీంతో చేస్తాను, కుంగుతుందో లేదో చూద్దాం అన్నారు.

కుంగిన లూట్ బాగుచేసే పని నాకు పడింది. ముఖం ఊడదీశాను. చెమ్మ పీల్చిన చెక్క ఎలా ఉంటుందో తలుపులవాడికి బాగా తెలుసు. ఇది చెమ్మ పీల్చిన చెక్క కాదు. ఎండిపోయే ఉంది, కానీ చేత్తో పట్టుకుంటే అట్టలా వంగింది.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ముఖం పలచబెట్టడం అయ్యాక, దాన్ని ఆకారానికి కోసినప్పుడు మిగిలిన కొస నుంచి వేలెడు ముక్క తీసి, దాని మీద ఏ సంవత్సరానిదో రాసి, చిల్లు పొడిచి ఒక ఇనప కమ్మికి గుచ్చుతారు. గిటార్ల కమ్మి వేరు, లూట్ల కమ్మి వేరు. మామయ్య వాళ్ళ నాన్న కాలం నుంచి ఉన్న ముక్కలు గోడకి వేలాడుతుంటాయి. ఎప్పుడైనా ఎవరైనా పాత వాయిద్యం బాగుచేయించుకోడానికి వస్తే అదే మానుదో కాదో పోల్చుకోడానికి. దాని వైపు ఎవరూ రోజూ చూడరు. నేను చూశాను. లూట్ల కమ్మి కిందికి దించి, కిటికీ వెలుగులో పెట్టి, ముక్క తర్వాత ముక్క కొలిచాను.

పాతవన్నీ రెండు మిల్లీమీటర్లకి పిసరంత తక్కువ. ముప్పై ఏళ్ళ పాటు అదే మందం, గీత గీసినట్టు. ఆఖరి నాలుగేళ్ళ ముక్కల దగ్గరికి వచ్చేసరికి ఒకదాని కంటే ఒకటి పల్చబడుతూ వచ్చాయి. చివరి ముక్క మిల్లీమీటరు మీద ఎంతో లేదు. దాని గుండా నా వేలి నీడ కనబడింది.

ఇది వాన చేసిన పని కాదని అప్పుడు తేలిపోయింది. మరి ఎందుకు? ముప్పై ఏళ్ళు ఒకే చోట ఆగిన చెయ్యి నాలుగేళ్ళుగా ఎందుకు ఆగడం లేదు?

జవాబు వంటింట్లో దొరికింది. మా ఇంట్లో నీళ్ళు మరిగితే ఈల వేసే కెటిల్ ఒకటి ఉంది. ఒకరోజు నేను స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని వస్తుంటే ఆ ఈల ఇల్లంతా గిర్రున తిరుగుతోంది. దాని పక్కన కుర్చీ వేసుకుని మామయ్య పేపరు చదువుకుంటున్నారు. మొహంలో ఏ చికాకూ లేదు. నేను వెళ్ళి పొయ్యి ఆర్పితే, తలెత్తి, "అప్పుడే కాగాయా?" అన్నారు.

ఆ మాట మా ఆవిడతో చెప్పాను. ఆమె చేతిలోని ఉలి కింద పెట్టింది. నాన్న ఈమధ్య నేను మాట్లాడుతుంటే నా మొహం వైపే చూస్తున్నారు అంది. నేను కమ్మి మీది ముక్కల సంగతి కూడా చెప్పాను. ఆయన పలకని వేలితో కొట్టి వింటారు. సన్నని పై మోత మోగితే ఆగుతారు. ఆ మోత ఇప్పుడు ఆయన చెవికి అందడం లేదు. పలక మూగగా ఉందనుకుని ఇంకా పలచబెడుతున్నారు. నిజానికి అది ఎప్పుడో మోగింది.

అత్తయ్య వెనక నిలబడి వింటున్నట్టు మేం చూసుకోలేదు. ఆవిడది సన్నని గొంతు. పక్షి కూసినట్టు ఉంటుంది. మా ఆవిడది వాళ్ళ నాన్న లాగా కాస్త బొంగురు. అత్తయ్య చేతిలో తడి గుడ్డతోనే ముందుకొచ్చింది.

"నాలుగేళ్ళుగా నా మీద ఏదో కోపం అనుకుంటున్నాను. అమ్మాయి పిలిస్తే పలుకుతారు, నేను పిలిస్తే పలకరు. నేనేం చేశానో అని ఎన్నిసార్లు లెక్కలు వేసుకున్నానో" అంది.

అంత చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెల చప్పుడు మామూలు కంటే ఎక్కువగా వినబడింది.

ఆయనకి ఈ సంగతి ఎవరు చెప్పాలి? మా ఆవిడ నా వల్ల కాదంది. అత్తయ్య, చెబితే ఇక చిత్రిక ముట్టుకోరు, ఆ పని లేకపోతే ఆయన మనిషిగా మిగలరు అంది. చెప్పకపోతే చివరి పలక కూడా అట్ట అవుతుంది. కచేరీ నాటికి బాగానే ఉంటుంది, మంచి మోతే మోగుతుంది, మళ్ళీ వానకి కుంగుతుంది. అప్పుడు టీచరమ్మ దాన్ని పెట్టెలో పెట్టుకుని వస్తుంది. ఆ పెట్టె తెరిచినప్పటి మామయ్య మొహం నాకు ముందే కనబడింది. దాని తర్వాత ఆయన పేరు చెప్పి ఎవరూ ఏదీ చేయించుకోరు. అంతకంటే ఘోరంగా, తన నాన్న పలకని తన చేత్తోనే పాడుచేశానని ఆయనకి తెలిసిన రోజు ఇంకోటి ఉంటుంది.

నేను చెబుదామని నిశ్చయించుకున్నాను. కానీ చెప్పడానికి నాకేం అర్హత? ఆ మోత నాకు మాత్రం తెలుసా? గుమ్మం పక్కన వేలాడుతున్న గిటారు నాదే కదా. అందుకని ముందు నా చెవికి చదువు చెప్పాను. మూడు వారాలు, మామయ్య భోజనం చేసి నడుం వాల్చే వేళల్లో, షాపులో ఉన్న ప్రతి చెక్కనీ తట్టాను. పనికిరాని పలకలు, అల్మారా తలుపులు, పీటలు, కమ్మికున్న ముక్కలు. ఒకే పలకని మూలన పట్టుకుని తడితే ఒకలా, మధ్యలో పట్టుకుంటే ఇంకోలా. మొదటి వారం అన్నీ ఒక్కలాగే వినబడ్డాయి. రెండో వారం అడుగున ఒకటి, పైన ఒకటి రెండు మోతలున్నాయని తెలిసింది. పాత పలక ఒకటి నేనే చిత్రిక పడుతూ తడుతూ పోయాను. ఒకచోట పైమోత చటుక్కున తేలింది, మబ్బు తొలగి వెలుగొచ్చినట్టు. ఇంకా పట్టాను. అది అక్కడే ఉంది, కానీ ఒళ్ళు లేకుండా పోయింది. అప్పుడు తెలిసింది ఆగాల్సిన చోటు ఎక్కడుందో. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఎవరండీ లోపల?" అంది. ఈసారి నవ్వాను.

రోజూ పొద్దున దేవుడి ముందు కూర్చున్నప్పుడు ఒకటే అడిగేవాణ్ణి. ఆ చెవిని నమ్ముకుని బతికినవాడి దగ్గరే చెవి ఎందుకు తీసుకున్నావు, తలుపులు చేసేవాడిది తీసుకుంటే ఎవరికి నష్టం? నిష్ఠూరంగా కాదు, తెలుసుకుందామనే. లేచి పనికి వెళ్ళేవాణ్ణి.

చివరి పలక పలచబెట్టే రోజు వచ్చింది. బయట వాన. మామయ్య చొక్కా చేతులు మడిచి, చిత్రిక పట్టుకుని మొదలుపెట్టారు. పొట్టు పొడుగ్గా, ఉంగరాలుగా వచ్చి కాళ్ళ మీద పడుతోంది. పూట సగానికల్లా అడుగుమోత కుదురుకుంది. ఇంకో గంటకి ఆయన పలకని రెండు వేళ్ళ మధ్య వేలాడదీసి తట్టారు. అది మోగింది, స్పష్టంగా. ఆయన చెవి దగ్గరికి తెచ్చుకుని మళ్ళీ తట్టి, ఇంకా మూగగానే ఉంది, వానాకాలం చెక్క మొండికేస్తుంది అన్నారు.

ఇంతలో అత్తయ్య మా ఆవిడని పంపించింది, భోజనానికి రమ్మని. మామయ్య చేతులు దులుపుకుని వెళ్ళారు. నేను వెనక ఉండి, చిత్రికలోని బిగింపు చెక్క సడలించి, బ్లేడుని వెంట్రుకవాసి వెనక్కి లాగాను. చెప్పే ధైర్యం చాలనివాడు చేసే పని అది. మోసమే.

ఆయన తిరిగొచ్చి రెండుసార్లు తోశారు. పొట్టు రాలేదు. మూడోసారి తోయలేదు. చిత్రిక తిరగేసి, అడుగున బొటనవేలు రాసి చూశారు.

"అల్లుడుగారూ" అన్నారు. ఆయన నోట్లో గారు వచ్చిందంటే ఏమిటో ఇంట్లో అందరికీ తెలుసు. "తమరేనా?"

"నేనే మామయ్యా."

"దేనికి?"

మూడు వారాలుగా కూర్చుకున్న మాటలన్నీ ఎటుపోయాయో తెలీదు. "పలక పలుకుతోంది మామయ్యా. భోజనానికి ముందు నుంచీ పలుకుతోంది" అన్నాను.

ఆయన నన్ను చూశారు. పలకని తీసి తట్టారు. చెవికి ఆనించుకుని తట్టారు. రెండో చెవికి ఆనించుకుని తట్టారు.

"ఎలా?"

"గాజుగ్లాసు అంచుకి చెంచా తగిలినట్టు. తగిలాక కూడా కాసేపు ఉంది."

"నాకు అడుగున దబ్‌మని ఒకటి వస్తోంది. అంతేనా?"

"కాదు మామయ్యా. దాని పైన ఇంకోటి ఉంది."

నేను గోడ మీది కమ్మి తెచ్చి బల్ల మీద పెట్టాను. కొలబద్ద కూడా పెట్టాను కానీ ఆయనకి అది అక్కర్లేకపోయింది. ముక్కల మీద బొటనవేలు పోనిస్తూ, తన ముప్పై ఏళ్ళనీ తడిమి చూసుకున్నారు. ఆఖరి నాలుగు దగ్గర వేలు నెమ్మదించింది. చివరిదాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, వెలుగుకి పెట్టి, వదిలేశారు.

ఎప్పటి నుంచి తెలుసని అడిగారు. మూడు వారాలన్నాను. ఇంట్లో ఎవరెవరికి అన్నారు. అందరికీ అన్నాను. "అయితే తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే" అన్నారు. చిత్రిక తీసి అరలో పెట్టి, చొక్కా చేతులు కిందికి దించుకుని, వరండాలోకి వెళ్ళి వాన చూస్తూ నిలబడ్డారు.

రెండు రోజులు షాపులోకి రాలేదు. అత్తయ్య అన్నం పెట్టేటప్పుడు ఎదురుగా, మొహం కనబడేలా నిలబడటం మొదలుపెట్టింది. ఆయన తలెత్తి ఆవిడ పెదాల వైపు చూసి, పెరుగు చాలనేవారు. ఆ రెండు రోజులూ నేను పలక ముట్టుకోలేదు. కానీ పొద్దున్నే చిత్రిక బ్లేడు నూరి, సరైన చోట బిగించి, ఆయన బల్ల మీద ఆయన చెయ్యి పడే వైపు పెట్టేవాణ్ణి. సాయంత్రం తీసి అరలో పెట్టేవాణ్ణి. మొదలుపెట్టిన పనిని మధ్యలో వదిలేసే ఉద్దేశం నాకు లేదు. ఆయన రాకపోతే వచ్చేదాకా పెడతానని అనుకున్నాను.

మూడో రోజు వచ్చారు. చిత్రిక చేతిలోకి తీసుకుని అడుగు చూశారు.

"ఎవరు బిగించారిది?"

"నేనే."

"వంకరగా బిగించావు" అని సుత్తితో చిన్నగా ఒక దెబ్బ వేసి సరిచేశారు. నిజం చెప్పాలంటే అది వంకరగా లేదు. "రా. ఇక్కడ నిలబడు."

ముందు నన్ను పరీక్ష చేశారు. గోడ వైపు తిరిగి నిలబడమని, వెనక నుంచి పాత పలకలు పది ఒక్కొక్కటీ తట్టి, ఏది ఎక్కువ పలచబడింది, ఏది తక్కువ అని అడిగారు. జవాబులు ఆయన ముందే వేలితో తడిమి చూసుకున్నారు. తొమ్మిది సరిగ్గా చెప్పాను. పదోది అల్మారా తలుపు. అది కూడా వీణలా మోగుతోందన్నాను. ఆయన నవ్విన నవ్వుకి వంటింట్లోంచి ఇద్దరూ పరిగెత్తుకొచ్చారు.

తర్వాత చివరి పలక తీశారు. ఆయన తట్టారు, నేను చెప్పాను. బాగుంది, బాగాలేదు అంటే ఒప్పుకునేవారు కారు. ఎలా ఉందో చెప్పు అనేవారు. నాకు సంగీతం మాటలు రావు. నాకు తెలిసిన ఇంటి మాటలే చెప్పాను. ఈ మూలన అటక మీద పెట్టె జరిపినట్టుంది. ఇక్కడ నీళ్ళ బిందెకి గాజులు తగిలినట్టుంది. అటక మీద పెట్టె అన్నచోట ఆయన పలకని అరచేతుల మధ్య వంచి, ఔను, ఇక్కడ బిగుసుగా ఉంది అని, మూడే మూడు తోపులు తోశారు. మళ్ళీ తట్టారు. "ఇప్పుడు?" "పెట్టె దిగింది మామయ్యా." చేతులు ఆయనవి, వంపు ఆయనకి తెలుసు. పైన ఏముందో నేను చెప్పేవాణ్ణి. ఇద్దరం కలిస్తే ఒక పూర్తి మనిషి అయ్యాం.

అడ్డపట్టీలూ అలాగే అతికించాం. పువ్వు దగ్గర మా ఆవిడకీ వాళ్ళ నాన్నకీ గొడవైంది. ఆమె గీసిన పువ్వు చాలా దట్టం, చూడ్డానికి ముచ్చటగా ఉంది. మరీ మూసేస్తే అడుగుగొంతు లోపలే తిరుగుతుంది, తెరువు అన్నారాయన. మరీ తెరిస్తే రేకులు తెగుతాయి నాన్నా అని ఆమె. చివరికి రేకుల మధ్య ఖాళీ పెంచి, రేకుల అంచులు మాత్రం సన్నగా వాలుగా కోసింది. దూరం నుంచి చూస్తే ముందు కంటే దట్టంగానే కనబడింది. మామయ్య దాన్ని కిటికీకి ఎత్తి చూసి, నువ్వు కళ్ళని మోసం చేస్తావు, నీ మొగుడు చిత్రికని మోసం చేస్తాడు, మంచి జోడీ అన్నారు.

ముఖం ఆకారానికి కోశాక మిగిలిన ముక్క నా చేతికిచ్చారు. సంవత్సరం రాయమన్నారు. రాశాను. కింద ఇంకేదైనా రాయాలా అని అడిగితే, ఆయన నా చేతిలో పెన్సిల్ తీసుకుని, ఆ అంకెల పక్కన చిన్న తలుపు బొమ్మ గీశారు, గడియతో సహా. ఆ ముక్క కొలిస్తే పాత ముక్కల మందమే. కమ్మికి నేనే గుచ్చాను.

వానలు తగ్గాక కచేరీ అయింది. బడి హాలు పెద్దది. మామయ్య పట్టుపట్టి మా ముగ్గురినీ తనతో పాటు ఆఖరి వరసలో కూర్చోబెట్టారు. ఆయనకి ఒకవైపు నేను, ఇంకోవైపు అత్తయ్య, నా అవతల మా ఆవిడ. టీచరమ్మ వేదిక మీద కూర్చుని ఆ లూట్‌ని ఒళ్ళో పెట్టుకుంది. నల్లచారల కడుపు ఆవిడ వైపుంది, ఎవరికీ కనబడదు. మాకు కనబడింది తేనెరంగు ముఖం, మధ్యలో పువ్వు. అంతే. ఏ సోకూ లేదు.

లావు తీగలు మీటినప్పుడు మామయ్య తల ఊపారు. అవి ఆయనకి అందుతున్నాయి. కొంతసేపటికి టీచరమ్మ చేతివేళ్ళు మెడ మీద కిందికి జారుతూ వచ్చాయి. సన్నని పై తీగ అందుకుంది. మామయ్య తల ఊపడం ఆగిపోయింది. ఆయన వేదిక వైపు కాకుండా హాల్లో కూర్చున్నవాళ్ళ వీపుల వైపు చూస్తున్నారు. వాళ్ళ తలలు ఎటు వంగుతున్నాయో చూసి కనుక్కుందామన్నట్టు.

తర్వాత నా వైపు వంగి, మెల్లగా అడుగుతున్నాననుకుని, కాస్త గట్టిగానే అడిగారు.

"పై తీగ వస్తోందా?"

"వస్తోంది మామయ్యా."

"ఎలా ఉంది?"

నేను ఒక నిమిషం విన్నాను. గాజుగ్లాసు కాదు. బిందె కాదు. సన్నగా, వణక్కుండా, ఎంత దూరానున్నవాళ్ళనైనా పేరు పెట్టి పిలిచినట్టు ఉంది. ఆ గొంతు నాకు తెలిసినదే.

ఆయనకి కనబడేలా మొహం తిప్పి, "అత్తయ్య పిలిచినట్టుంది" అన్నాను.

ఆయన అత్తయ్య వైపు తిరిగి కూర్చున్నారు. కచేరీ అయ్యేదాకా వేదిక వైపు చూడలేదు.